నెల్లూరు హోటళ్ళ యజమానులకు: ఆ రెండో తలుపు తాళం తీయండి

నెల్లూరు నగరంలోనూ, కావలి మీదుగా ఒంగోలు దాకా హైవే పొడవునా ఫ్యామిలీ రెస్టారెంట్లు, మండీ హోటళ్ళు, దాబాలు నడుపుతున్న యజమానులకు, మేనేజర్లకు నమస్కారం.

ఆదివారం మధ్యాహ్నం మీ హాళ్ళను నింపేది మాలాంటి కుటుంబాలే. చంకలో చంటిబిడ్డ, చెయ్యి పట్టుకుని ఇంకొకరు, వెనకాల రెయిలింగ్ ఆసరాతో మెట్లెక్కే ఇంటి పెద్దవాళ్ళు. మీ వంట మీద నాకు ఏ ఫిర్యాదూ లేదు. ఎక్కడెక్కడి చేపల పులుసు తిన్నా, మామిడికాయ ముక్క పడిన నెల్లూరు పులుసు దగ్గరికే నాలుక తిరిగొస్తుంది. ఈ ఉత్తరం రాస్తున్నది మీ మేడ మీది ఏసీ హాలు వెనక ఉండే రెండో తలుపు గురించి. ఆ తలుపు లోపలి నుంచి ఎప్పుడూ తెరుచుకునేలా ఉండాలి. భోజనానికి కూర్చున్న ప్రతి మనిషికీ అది కనిపించాలి. మేం ఎంత కళ్ళు తెరుచుకుని వచ్చినా, ఆ తలుపుకి తాళం ఉంటే మా జాగ్రత్త అక్కడితో ఆగిపోతుంది.

ఇంత గట్టిగా ఎందుకు అడుగుతున్నానో చెప్తాను. ఊళ్ళో బాగా నడిచే హోటల్ ఒకటి, పేరు ఇక్కడ రాయను. కింద నాన్ ఏసీ, పైన ఏసీ ఫ్యామిలీ హాలు. మా అత్తయ్యకి మోకాళ్ళ నొప్పులు. ఒక్కో మెట్టు మీదా ఆగి ఆగి పైకి రావడానికే చాలాసేపు పట్టింది. ఆర్డర్ చెప్పి, పాపకి చేతులు కడిగిద్దామని హాలు వెనక్కి తీసుకెళ్ళాను. వాష్ బేసిన్ల పక్కన గోడ మీద ఆకుపచ్చ లైటు బోర్డు వెలుగుతోంది, మీద పరిగెత్తే మనిషి బొమ్మ. దాని కిందే తలుపు. తలుపుకి అడ్డంగా ఇరవై లీటర్ల నీళ్ళ క్యాన్లు, ఒకదాని మీద ఒకటి పేర్చిన చంటిపిల్లల కుర్చీలు, తుడుపు కర్ర నిలబెట్టిన బకెట్. గడియకి ఇంత పెద్ద తాళం. ప్లేట్లు తీస్తున్న కుర్రాణ్ణి అడిగాను, "తాళంచెవి ఎక్కడుంటుంది బాబూ?" అని. "ఓనర్ గారి దగ్గరుంటుందమ్మా. తీసి పెడితే బిల్లు కట్టకుండా వెనక నుంచి పోతారని వేయించారు" అన్నాడు. అడిగిన వెంటనే, తడుముకోకుండా చెప్పాడు. అంటే ఇది అందరికీ తెలిసిన ఏర్పాటే.

మీ భయం ఉత్తిది కాదు. గుంపుగా కూర్చుని తిని, ఫోను వచ్చినట్టు చెవి దగ్గర పెట్టుకుని ఒక్కొక్కరే జారుకునేవాళ్ళు ఉన్నారు. ఆ నష్టం ఒక్కోసారి సర్వర్ జీతం మీద పడుతుంది కూడా. కానీ దీనికి మందు తాళం కాదు. లోపలి వైపు అడ్డంగా కడ్డీ ఉండే తలుపులు సినిమా హాళ్ళలో, మాల్స్‌లో మీరు చూసే ఉంటారు. ఒంటితో తోస్తే చాలు, తెరుచుకుంటాయి. బయటి నుంచి మాత్రం ఎవరూ రాలేరు. తలుపు తెరిచిన మరుక్షణం కౌంటర్ దగ్గర గంట మోగేలా చిన్న అలారం బిగించుకోవచ్చు. సీసీ కెమెరాలు ఎలాగూ ఉన్నాయి, ఒకటి అటు తిప్పండి. బిల్లు ఎగ్గొట్టేవాడు దొరుకుతాడు, ప్రాణం దక్కించుకోవాల్సినవాడు బయటపడతాడు.

ఈ బిల్లు భయం మన ఊరిలో పుట్టింది కాదు. 1942 నవంబర్ 28 రాత్రి అమెరికాలోని బోస్టన్‌లో కోకోనట్ గ్రోవ్ అనే క్లబ్బులో జనం భోజనాలు చేస్తూ, పాటలు వింటూ ఉండగా మంటలు లేచాయి. 492 మంది చనిపోయారు. ముందు వైపున్నది గుండ్రంగా తిరిగే తలుపు. అందరూ ఒక్కసారి మీద పడేసరికి అది బిగుసుకుపోయింది. పక్క తలుపుల్లో కొన్నింటికి ముందే గడియలు బిగించేశారు, డబ్బు కట్టకుండా జారుకుంటారని. ఇంకొన్ని లోపలికి తెరుచుకునేవి. వెనక నుంచి వందమంది తోస్తుంటే తలుపుని లోపలికి లాగడం ఎవరి తరం? ఆ తర్వాతే తిరిగే తలుపు పక్కన మామూలు తలుపు ఉండి తీరాలనీ, జనం చేరే చోట తలుపులు బయటికే తెరుచుకోవాలనీ అక్కడ నియమాలు గట్టిపడ్డాయి. బోస్టన్ ఎక్కడ, మన ట్రంకు రోడ్డు ఎక్కడ అనుకోవచ్చు. తాళం వేయడానికి చెప్పిన కారణం మాత్రం అక్కడా ఇక్కడా ఒక్కటే.

"ఫైర్ ఎన్‌ఓసీ తీసుకున్నాం కదమ్మా" అంటారు మీలో కొందరు. అగ్నిమాపక శాఖ ఇచ్చే ఆ అనుమతి పత్రం తీసుకునే ఉంటారు. తనిఖీకి వచ్చిన రోజు ఆ తలుపు తెరిచే ఉండి ఉంటుంది, నీళ్ళ క్యాన్లు కింద స్టోరు రూములోనే ఉండి ఉంటాయి. నేను అడుగుతున్నది ఆదివారం మధ్యాహ్నం ఒంటిగంటన్నరకి ఎలా ఉందని.

మేడ మీది హాళ్ళ గురించి ఇంకొంచెం చెప్పాలి. ఏసీ కోసం కిటికీలన్నీ మూసేస్తారు. ఆ మూసిన కిటికీల మీద, రోడ్డు వైపు మొత్తం, హోటల్ పేరుతో ఫ్లెక్సీ బోర్డు బిగిస్తారు. లోపల పొగ కమ్మితే పోవడానికి దారి లేదు. బయట ఫైర్ ఇంజన్ వాళ్ళు నిచ్చెన వేసినా చెయ్యి పెట్టడానికి సందు లేదు. హాల్లోకి వస్తే గోడలకి ప్లాస్టిక్ గడ్డి, కప్పుకి థర్మోకోల్ పలకలు, వేలాడే పూల తీగలు. మండీ హోటళ్ళలో అయితే చెక్కతో చేసిన బుల్లి గదులు, వాటికి తెరలు, కింద పరుపులు, చెప్పులు గది బయట. ఫోటోలకి చాలా బాగుంటుంది, పిల్లలకి భలే సరదా. కానీ ఆ తెర వెనక కూర్చున్నవాళ్ళకి బయట ఏం జరుగుతోందో అందరికన్నా ఆఖరున తెలుస్తుంది. అగ్ని ప్రమాదాల్లో చాలామంది ప్రాణాలు తీసేది పొగే. మంట అంటుకునే లోపే పొగ కళ్ళని మూసేస్తుంది, తల తిప్పేస్తుంది.

సికింద్రాబాద్‌లో 2022 సెప్టెంబర్ 12 రాత్రి జరిగింది గుర్తు చేసుకోండి. కింద ఎలక్ట్రిక్ స్కూటర్ల షోరూమ్, పైన లాడ్జి. కింద అంటుకున్న మంట పొగంతా మెట్ల దారిలోంచే పైకి ఎగదన్నింది. పై అంతస్తుల్లో దిగినవాళ్ళలో 8 మంది ప్రాణాలు పోయాయి. దానికి రెండేళ్ళ ముందు, 2020 ఆగస్టు 9 తెల్లవారుజామున, విజయవాడలో కొవిడ్ కేంద్రంగా వాడుతున్న హోటల్లో మంటలు లేచి 10 మంది చనిపోయారు. ఇవి మనకి దూరం కథలు కావు. మీ సెల్లార్‌లో మెట్ల పక్కనే ఎలక్ట్రిక్ బండ్లు చార్జింగ్ పెట్టే ప్లగ్గు ఉంటే దాన్ని అక్కడి నుంచి తీసేయించండి. తుఫాను రోజుల్లో గంటలకొద్దీ ఆడే జనరేటర్ని మెట్ల కింద పెట్టకండి. దాని పొగ వాసన లేకుండా కూడా మనిషిని పడేస్తుంది.

ముంబైలోని కమలా మిల్స్ ఆవరణలో 2017 డిసెంబర్ 29న, అర్ధరాత్రి దాటాక, మేడ మీది రెస్టారెంట్లకి నిప్పంటుకుంది. 14 మంది పోయారు. వాళ్ళలో చాలామంది దొరికింది టాయిలెట్లలో. ఎటు వెళ్ళాలో తెలియక, అక్కడైతే నీళ్ళుంటాయని, మంట రాదని వెళ్ళి తలుపేసుకుని ఊపిరాడక పోయారు. ఇది చదివినప్పటి నుంచి నాకొక్కటే అనిపిస్తుంది. ఆ క్షణంలో ఒక్క సర్వర్ "అటు కాదు, ఇటు రండి" అని గట్టిగా అరిచి ఉంటే? మీ హోటల్లో ఆ అరిచే మనిషి ఎవరో ముందే నిర్ణయించి పెట్టండి. బాత్రూముల తలుపులు తట్టి మనుషుల్ని బయటికి తెచ్చే పని ఇంకొకరికి అప్పజెప్పండి. మెట్ల దగ్గర నిలబడి ముసలివాళ్ళకి చెయ్యి అందించే పని మరొకరికి. లిఫ్టు ఎక్కనివ్వకుండా ఆపడం ఇంకొకరికి.

ఎందుకంటే మనిషి కంగారులో వచ్చిన దారినే వెతుక్కుంటాడు. అమెరికాలోనే రోడ్ ఐలాండ్‌లో 2003 ఫిబ్రవరి 20న ఒక క్లబ్బు తగలబడి 100 మంది చనిపోయినప్పుడు, వేరే తలుపులున్నా, ఎక్కువమంది తాము లోపలికి వచ్చిన ముందు తలుపు వైపే పరిగెత్తారు. అక్కడే ఒకరి మీద ఒకరు పడిపోయారు. మీ హాలుకి రెండో దారి ఉందని మీకు తెలిస్తే సరిపోదు. కూర్చోబెట్టేటప్పుడే మాకు తెలియాలి. ఏసీ కూలింగ్ సరిపోతోందా అని అడిగే సర్వర్, వెనక కూడా మెట్లున్నాయమ్మా అని ఒక మాట కలిపితే పోయేదేముంది?

వంటగది విషయం మీకు నాకన్నా బాగా తెలుసు, అయినా కస్టమర్‌గా కొన్ని అడుగుతాను. 19 కిలోల సిలిండర్లు వెనక మెట్ల మీద వరసగా పెట్టే అలవాటు చాలా చోట్ల చూశాను. గ్యాస్ గాలికన్నా బరువు. లీకైతే పైకి పోదు, మెట్లు దిగి, సెల్లార్‌లోకి జారి, నేల మీద పేరుకుంటుంది. వాసన రాగానే లైటు వేసి చూద్దామని స్విచ్చి నొక్కితే అదే చాలు. మూకుడులో నూనె అంటుకుంటే నీళ్ళు పోయకూడదని మీ వంట మాస్టర్‌కి తెలుసు, పాత్రలు కడిగే కొత్త కుర్రాడికి తెలుసా? స్టవ్ కట్టేసి మూత పెట్టాలి. వంటగది చిమ్నీ గొట్టంలో పేరుకున్న జిడ్డుకి నిప్పు తగిలితే అది కప్పు దాకా పాకుతుంది, దాన్ని కడిగించడం వాయిదా వేయకండి. మంటలార్పే ఎర్ర సిలిండర్ కూల్‌డ్రింక్స్ ఫ్రిజ్ వెనక ఉంటే లేనట్టే లెక్క.

అన్నిటికన్నా ముందు ప్రమాదంలో పడేది మీ దగ్గర పనిచేసే పిల్లలే. 2025 డిసెంబర్ 6 రాత్రి గోవాలోని ఆర్పోరాలో నైట్ క్లబ్ తగలబడి 25 మంది చనిపోతే, వాళ్ళలో ఎక్కువమంది అక్కడ పనిచేసేవాళ్ళే. ఇప్పుడు మన హోటళ్ళలో ఒడిశా నుంచి, బెంగాల్ నుంచి, నేపాల్ నుంచి వచ్చిన కుర్రాళ్ళు ఎంతమందో మీకు తెలుసు. వాళ్ళకి తెలుగు బోర్డు చదవడం రాదు. ఆర్డర్లు తీసుకునేంత తెలుగు నేర్చుకున్నారు, అంతే. వాళ్ళ భాషలో ఒక్కసారి చెప్పించండి, తలుపు దాకా నడిపించి చూపించండి. ఎక్కడో తల్లి ఎదురుచూసే బిడ్డలు వాళ్ళు కూడా. అలాగే పుట్టినరోజు కేకు మీద నిప్పురవ్వలు చిమ్మే ఆ పెద్ద క్యాండిల్స్‌ని ప్లాస్టిక్ పూలు వేలాడే హాల్లో వెలిగించనివ్వకండి. కస్టమర్ బతిమాలినా సరే. మామూలు చిన్న కొవ్వొత్తి ఊదినా బిడ్డ అంతే సంతోషపడుతుంది.

మా వంతు మేం చేస్తున్నాం. బల్ల దగ్గర కూర్చోగానే మా పాపతో "రెండు తలుపులు కనిపెట్టు చూద్దాం" అంటాను, అది ఆటలా వెతికి చూపిస్తుంది. ఏదైనా జరిగితే పాప చెయ్యి నేను పట్టుకోవాలి, అత్తయ్యని మా ఆయన పట్టుకోవాలి. ఇది ముందే అనుకున్న మాట. ఒకవేళ విడిపోతే బయట ఎక్కడ కలుసుకోవాలో కూడా చెప్పుకుంటాం, ఎదురుగా మందుల షాపు ఉంటే మందుల షాపు దగ్గరని. పొగ వస్తే వంగి నడవాలని, ఫోన్లో వీడియో తీస్తూ నిలబడకూడదని, చెప్పుల కోసం, హ్యాండ్ బ్యాగ్ కోసం వెనక్కి పోకూడదని పిల్లలకి ఇంట్లోనే చెప్పాలి. వీలైతే మోకాళ్ళ నొప్పులున్న పెద్దవాళ్ళతో వెళ్ళినప్పుడు కిందే కూర్చోవాలి. ఏసీ లేకపోయినా పర్వాలేదు. నా మట్టుకు నాకు, రెండు వైపులా రోడ్డు మీదికి తెరుచుకుని ఉండే చిన్న మెస్ మీద ఉన్న నమ్మకం, అద్దాల మేడ మీద లేదు. అక్కడ ఉక్కపోతలో తిన్నా లేచి పోవడానికి నాలుగడుగులే. అలాంటి మెస్‌లు నెల్లూరులో ఇంకా మిగిలి ఉండడం మన అదృష్టం. పైన మాత్రమే ఫ్యామిలీ సెక్షన్ పెట్టిన హోటళ్ళకి నా విన్నపం: ముసలివాళ్ళు, చంటిపిల్లలు ఉన్న కుటుంబం వస్తే కింద నాలుగు బల్లలు వాళ్ళకి వదలండి.

దారీ తెన్నూ తెలియని జనం ఎక్కువగా వచ్చే రోజులు మనకి కొన్ని ఉన్నాయి. రొట్టెల పండుగకి స్వర్ణాల చెరువు దగ్గరికి ఎక్కడెక్కడి నుంచో లక్షల మంది వస్తారు. ఆ రోజుల్లో దర్గామిట్ట చుట్టుపక్కల హోటళ్ళలో కాలు పెట్టడానికి చోటుండదు. నడిచే దారిలో కూడా అదనంగా కుర్చీలు వేస్తారు. గిరాకీ రోజులు, అర్థం చేసుకోగలను. కానీ కొత్త జనం, పిల్లాజెల్లా, మూటాముల్లె, అందులో నడిచే దారి కూడా మూసేస్తే ఎలా? బయట బెంచీలు వేసి టోకెన్లు ఇవ్వండి. ఆకలి మీదున్నా కాసేపు ఆగుతాం. అలాంటి రద్దీలోనే ఎవరిదో తెలియని సంచి బల్ల కింద మిగిలిపోతే పక్కకి నెట్టి తుడిచేయకండి. హైదరాబాద్‌లో 2007 ఆగస్టు 25 సాయంత్రం కోఠిలోని గోకుల్ చాట్ దగ్గర బాంబు పేలిన సంగతి మన తరం మర్చిపోలేదు. 2024 మార్చి 1న బెంగళూరు రామేశ్వరం కెఫేలో పేలింది కూడా ఒకడు వదిలేసి వెళ్ళిన సంచే. ముట్టుకోకుండా, చుట్టూ ఉన్నవాళ్ళని నెమ్మదిగా లేపి, 112కి ఫోన్ చేయండి. నూటికి తొంభై తొమ్మిది సార్లు అది మరచిపోయిన టిఫిన్ క్యారియరే కావచ్చు. అయినా సరే.

ఇంకో విషయం మీ సర్వర్లందరూ ఒక్క పూటలో నేర్చుకోగలిగినది. ఒకసారి మా పక్క బల్ల మీద ఒక పెద్దాయనకి మటన్ ముక్క గొంతుకి అడ్డం పడింది. దగ్గు రాలేదు, మాట రాలేదు, రెండు చేతులూ గొంతు మీద పెట్టుకుని కళ్ళు తేలేశాడు. చుట్టూ ఉన్నవాళ్ళు పొలమారిందనుకుని మాడు మీద తట్టారు. ఒకరు నీళ్ళ గ్లాసు నోటికి పెట్టారు. ఇంకొకరు అన్నం ముద్ద మింగితే దిగుతుందన్నారు. సర్వర్లు జగ్గులు పట్టుకుని అలాగే నిలబడ్డారు. ఇంకో బల్ల మీద తింటున్న నర్సమ్మ ఎంగిలి చేత్తోనే పరిగెత్తుకొచ్చి, ఆయన్ని ముందుకు వంచి, రెక్కల మధ్య అరచేతి మడమతో గట్టిగా కొట్టింది. కొట్టగా కొట్టగా ముక్క బల్ల మీద పడింది. ఆయన పీల్చిన మొదటి ఊపిరి హాలంతా వినిపించింది.

మనిషి దగ్గుతుంటే దగ్గనివ్వాలి, అది మంచిదే. దగ్గు, మాట రెండూ ఆగిపోతే మాత్రం ఆలస్యం చేయకూడదు. ముందుకు వంచి వీపు మీద ఐదు దెబ్బలు. పోకపోతే వెనక నుంచి చేతులు చుట్టి, బొడ్డుకి కాస్త పైన పిడికిలి పెట్టి, లోపలికీ పైకీ ఐదుసార్లు నొక్కాలి. ముక్క బయటపడేదాకా ఇవే మార్చి మార్చి చేయాలి, ఈలోపు ఇంకొకరు 108కి ఫోన్ చేయాలి. ఏడాదిలోపు బిడ్డకి పొట్ట నొక్కకూడదు. తల కిందికి ఉండేలా ముంజేతి మీద బోర్లా పడుకోబెట్టి వీపు మీద ఐదు దెబ్బలు, తర్వాత వెల్లకిలా తిప్పి రెండు వేళ్ళతో రొమ్ము మధ్య ఐదుసార్లు నొక్కాలి. కడుపుతో ఉన్నవాళ్ళకి కూడా పొట్ట కాదు, రొమ్ము మీదే. కనపడని ముక్క కోసం నోట్లో వేలు పెట్టి వెతికితే ఇంకా లోపలికి పోతుంది. చేప ముల్లు గుచ్చుకుంటే ఈ దెబ్బలు పనికిరావు, డాక్టర్ దగ్గరికే వెళ్ళాలి. బొమ్మలతో ఒక కాగితం వేయించి వాష్ బేసిన్ పైన అంటించండి. చేతులు కడుక్కునేటప్పుడు మేమూ చదువుకుంటాం. అదే కాగితం మీద ఇంకో వాక్యం: వేడి సాంబారు ఒలికి కాలితే పసుపు, పేస్టు పూయకుండా, కొళాయి కింద ఇరవై నిమిషాలు ఉంచాలి. సాంబారు బకెట్‌ని పిల్లల తల మీదుగా దాటించకుండా ఉంటే ఆ అవసరమే రాదు.

ఆడవాళ్ళ తరఫున కూడా రెండు మాటలు. బార్ అండ్ రెస్టారెంట్లలో ఫ్యామిలీ సెక్షన్ వేరే ఉన్నా, బాత్రూముకి మాత్రం బారు పక్క నుంచే పోవాలి. తాగినవాళ్ళు వరసగా నిలబడి ఉండే ఆ ఇరుకు దారిలో పదేళ్ళ ఆడపిల్లని ఒంటరిగా పంపలేం, ఇరవై ఏళ్ళ పిల్లని కూడా పంపలేం. దారి వేరు చేయండి. కుదరకపోతే అక్కడ లైటు ఎప్పుడూ వెలిగేలా చూడండి, తలుపుకి సరైన గడియ పెట్టండి, ఒక ఆడ మనిషిని ఉంచండి. బాత్రూముల్లో, చేతులు కడిగే చోట ఎవడైనా ఫోను దాచి పెట్టాడంటే అది చిన్న తప్పు కాదు. భారతీయ న్యాయ సంహిత 77వ సెక్షన్ కింద జైలుకి పంపే నేరం. అలాంటిది ఎవరైనా చెప్తే "పోనీలెండమ్మా, గొడవెందుకు" అనకండి. ఆ అమ్మాయి పక్కన నిలబడి 112కి మీరే ఫోన్ చేయండి. బిల్లు దగ్గర "ఫోన్ నంబర్ చెప్పండి మేడమ్" అని అడిగి, పదిమందిలో గట్టిగా చెప్పించడం కూడా ఆపండి. ఆ నంబర్ ఎవరి చెవిన పడుతుందో, రాత్రికి ఎవరు మెసేజ్ పెడతారో అన్న టెన్షన్ మా పిల్లలది. నంబర్ ఇవ్వకపోతే బిల్లు రాదని బలవంతపెట్టకూడదని వినియోగదారుల వ్యవహారాల శాఖ 2023లోనే చెప్పింది.

దాబాల యజమానులకి ఒక్క సంగతి. పదహారో నంబర్ హైవే మీద మీ ముందు ఆగే లారీలు రోడ్డు అంచునే నిలబడి ఉంటాయి. చీకట్లో మా కారు తలుపు తెరిస్తే పిల్లలు దిగేది ఆ లారీల మధ్యకి. కార్లకి లోపల వేరే చోటు గీయండి, ఆ చోటికీ రోడ్డుకీ మధ్య నడుమెత్తు కంచె వేయండి, నాలుగు లైట్లు పెట్టండి. కార్లు నడిపేవాళ్ళకి నేను చెప్పేది, బండిని రోడ్డు వైపు ముఖం పెట్టి ఆపండి. పిల్లల్ని కారులో నిద్రపోనిచ్చి తినడానికి వెళ్ళకండి.

మీలో కొందరు ఇవన్నీ ఇప్పటికే చేస్తున్నారు. వెనక మెట్లకి తెల్ల సున్నం కొట్టించి, లైటు వేసి, అక్కడ ఖాళీ సంచి కూడా పెట్టనివ్వని హోటల్ నేను చూశాను. వాళ్ళకి చేతులెత్తి దండం పెడుతున్నాను. మిగతావాళ్ళని ముందుగా అడిగేది ఒక్కటే, తాళం. దానికి ఒక్క రూపాయి ఖర్చు లేదు. క్యాన్లు జరపడానికి ఇద్దరు మనుషులు, పది నిమిషాలు చాలు. ఫ్లెక్సీలో కిటికీల మేర కోయించడం, కడ్డీ తలుపు బిగించడం, అలారం పెట్టడం ఆ తర్వాత ఒక్కొక్కటిగా చేసుకోవచ్చు.

ఏటా ఏప్రిల్ 14 నుంచి 20 దాకా అగ్నిమాపక వారోత్సవాలు జరుగుతాయి. 1944లో బొంబాయి రేవులో ఓడ పేలినప్పుడు మంటలార్పుతూ ప్రాణాలు విడిచిన సిబ్బంది జ్ఞాపకంగా చేసేవి. ఫైర్ స్టేషన్ వాళ్ళు వచ్చి సిలిండర్ ఎలా వాడాలో, మంట ఎలా ఆర్పాలో చేసి చూపిస్తారు. ఆ వారం దాకా ఆగనక్కర్లేదు, ముందే వెళ్ళి పిలవండి. మీరంతా కలిసి ఒక రోజు అనుకుని, ఒక మేడ మీది హాల్లో డ్రిల్ పెట్టించండి. మీ సర్వర్లు మాత్రమే పరిగెత్తి చూస్తే సంగతి తెలియదు, వాళ్ళు కుర్రాళ్ళు, రెండు నిమిషాల్లో దిగేస్తారు. నిండు హాలు ఎలా ఖాళీ అవుతుందో చూడాలంటే బల్లల దగ్గర ముసలివాళ్ళు, చంటిపిల్లలు, చీరల్లో ఆడవాళ్ళు కూర్చుని ఉండాలి. దానికి మనుషులు కావాలంటే మా వీధి వాళ్ళం వస్తాం, మా అత్తయ్యని, పిల్లల్ని వెంటబెట్టుకుని. మధ్యాహ్నం మూడు దాటాక, మీకు గిరాకీ తగ్గిన వేళ, ఏ రోజైనా సరే.

ఇట్లు,
మీ హోటళ్ళకి కుటుంబంతో వచ్చే ఒక తల్లి,
వేదాయపాళెం, నెల్లూరు